గడ్డి కూరిన దుడ్డె

అవ్వా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నస్పూర్ల నీ కొట్టం గట్లనే ఉన్నది, బర్రెలే లేవు.

నీ మనుమరాలు స్వప్న హైదరాబాద్‌ల తను పనిజేసే ల్యాబ్ నుంచి తెల్లటి పొడి తెచ్చింది. పాలల్ల ఉండే ప్రోటీన్ ఎట్ల చెయ్యాల్నో, బ్రెడ్డు పిండిని పులియబెట్టే ఈస్టుకు నేర్పిండ్రట. అది చక్కెర తిని, పెద్ద ట్యాంకుల పులిసి, అచ్చం అదే ప్రోటీన్ చేస్తదట. గా పొడిని నీళ్లల్ల ఏసి, జర నూనె కలిపి గిలక్కొడితే, నువ్వు పిండిన పాల లెక్కనే నురుగు నిలబడ్డది. నా బిడ్డ ఇంత పని నేర్చిందా అని నోరు తెరిచిన.

మన పెద్ద బర్రె దుడ్డె సచ్చినప్పుడు యాదికున్నదా? దుడ్డె తోలుల గడ్డి కూరి ముంగట నిలబెడితే, తన బిడ్డే అనుకొని నాకుకుంట బర్రె పాలిస్తదని అందరు చెప్పిండ్రు.

"నేను గూడ తల్లినే గదా, దాన్ని మోసం జేసి పిండుకోవాల్నా?" అని నువ్వు ఒప్పుకోలే. ఆ యేడంత మనం పాలు లేని చాయనే తాగినం.

ఇయ్యాల స్వప్న గీ పాలతోని చాయ కాసి నీ ఫొటో ముంగట పెట్టింది. తాగు అవ్వా. దీనికోసం ఏ తల్లినీ మోసం జెయ్యలే.