ఉంగరం లోపలి మాట

ఉంగరాలు చెక్కే మాస్టారికి,

నమస్కారం. నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. మా పై వాటాలో ఉండే దర్జీ ఆవిడకి నిశ్చితార్థపు ఉంగరం ఇవ్వాలి. వచ్చే నెల ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తున్నారు, ఈలోగానే ఇవ్వాలి. లోపల ఏదైనా చెక్కిస్తే బాగుంటుందట. ఏం చెక్కించాలో నాకు పాలుపోవడం లేదు. పొద్దస్తమానం నేను మనుషులతో అనేవి మూడే మాటలు: పీల్చండి, బిగపట్టండి, వదలండి. వీటిలో ఏదీ ఉంగరానికి పనికొచ్చేలా లేదు. మీరే దారి చూపాలి.

ఇట్లు,
కింది వాటా ఎక్స్‌రే ఆయన

తా.క.: వేలి కొలత పంపుతున్నాను. ఆ మధ్య ఆవిడ చెయ్యి బెణికితే ఫిల్మ్ తీసింది నేనే. ఇది ఎముక కొలత. పైన కాస్త కండ కలుపుకోండి.

*

అయ్యా,

శుభం. అందరూ "ఎప్పటికీ నీవాణ్ణే" అనే చెక్కించుకుంటారు. కొందరు మళ్ళీ వచ్చి అరగదీయించుకుంటారు కూడా. కొత్తగా కావాలంటే వేలిముద్ర చెక్కొచ్చు. మీరు మొదట కలుసుకున్న వీధి పటం గీయొచ్చు. ఒకే వాక్యాన్ని రెండు ఉంగరాల్లో సగం సగం పెట్టొచ్చు, పక్కపక్కన ఉంచితేనే చదవగలిగేలా. నాకు బాగా నచ్చేది మాత్రం చేతిరాత. ఆవిడ రాసిన ముక్క ఏదైనా పంపితే వంకరలతో సహా దించేస్తాను.

ఉంటాను,
ఉంగరాలు చెక్కే ముసలాయన

తా.క.: ఆవిడ పైన ఖాళీ చేసి మీ వాటాలోకి దిగుతున్నారన్నమాట. సామానుకి బండి ఖర్చు కూడా లేదు, అదృష్టవంతులు.

*

మాస్టారికి,

వేలిముద్ర అడిగే ధైర్యం నాకు లేదు. మేం కలుసుకున్న వీధంటూ లేదు, మెట్లే. సగం వాక్యం నేను చెప్పినా రెండో సగం ఆవిడ ఏమంటారో తెలియదు. చేతిరాత మాత్రం ఉంది. నేను నీళ్ళ మోటారు వేసి మరిచిపోతుంటాను. ట్యాంకు పొర్లి నీళ్ళు ఆవిడ కిటికీలోకి వస్తాయి. అప్పుడు మెట్ల మీద చీటీ పెడతారు. ఇన్నేళ్ళ చీటీలూ దాచాను. ఒకటి ఇందులో పెట్టాను, అక్షరాల సైజు సరిపోతుందేమో చూడండి. చెక్కాల్సిన మాట ఇంకా ఆలోచిస్తున్నాను. ఇంట్లో రేడియో తప్ప మాట్లాడేవాళ్ళు లేరు కనక ఆలోచించడానికి బోలెడు తీరిక. కాకపోతే ఆ మాటే నా తరఫున మాట్లాడాలి. నాకు నోరు పెగలదు.

ఇట్లు,
కింది వాటా

తా.క.: నిజం చెప్పొద్దూ, కొన్నిసార్లు మోటారు మరిచిపోలేదు.

*

అయ్యా,

ఉంగరం పూర్తయింది. ఇంకా ఆలోచిస్తున్నానన్నారు. ఆలోచించడానికేముంది? చీటీలో ఉన్నదే చెక్కేశాను: "మోటారు ఆపండి." మీ తా.క. చదివాక నాకిక అనుమానం లేకపోయింది. పైకి కోపం, లోపల ఎంత చనువు! కలాన్ని విసురుగా లాగిన చోటు కూడా అలాగే దింపాను. మా ఆవిడ పోయాక నన్నలా కసిరేవాళ్ళు లేరు. చెక్కుతూ చెక్కుతూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

ఉంటాను,
ముసలాయన

తా.క.: ఉంగరం ఆవిడదే కదా అని, శుభాకాంక్షల కాగితం జత చేసి పార్సిల్ పై వాటాకే పంపాను. మీకు మెట్లెక్కే శ్రమ తప్పింది.

*

అయ్యో మాస్టారూ,

కొంప ముంచారు! ఆవిడ ఖాళీ చేసేది నా వాటాలోకి రావడానికి కాదు, ఊరి చివర ఇంకో ఇంటికి. నేనింతవరకూ ఆవిడని అడగనే లేదు. నిశ్చితార్థం నా ఒక్కడి బుర్రలోనే జరిగింది. పొద్దున్న మెట్ల మీద ఎదురై, అరచేతిలో ఉంగరం పెట్టుకుని "ఏమిటిది?" అన్నారు. "ఉంగరం" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాను. అక్కడ ఊపిరి బిగపట్టమన్నవాళ్ళని వదలమనడం మరిచిపోయాను. ఇప్పుడు పైన కుట్టుమిషన్ చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకుండా ఈ ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలియదు.

ఇట్లు,
కింది వాటా

తా.క.: ఆవిడ మీకు రాస్తే నేను పిచ్చివాణ్ణి కాదని చెప్పండి. మీకూ అనుమానంగా ఉంటే ఊరుకోండి.

*

ఉంగరాలు చెక్కే పెద్దాయన గారికి,

పై వాటా దర్జీ నమస్కారాలు. పార్సిల్ మీది చిరునామా చూసి రాస్తున్నాను. పనితనానికి వంక పెట్టలేను. నా కోపం బంగారంలో ఇంత చక్కగా ఉంటుందనుకోలేదు. వేలికి సరిగ్గా పట్టింది కూడా, కొలత ఎక్కడిదో అర్థం కాలేదు.

అయినా తిరిగి పంపుతున్నాను. నా రాత నాకెందుకండీ? ఇన్నేళ్ళూ రాసింది నేనే. మొదట్లో మోటారు గురించే రాశాను. తర్వాత్తర్వాత "దగ్గు తగ్గిందా?" అనీ, "రేడియోలో పాట బాగుంది, కాస్త పెంచండి" అనీ రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మోటారు ఆగేది, రేడియో పెరిగేది, అంతే. కింద చదివే మనిషి ఉన్నారో, లేక గోడకి రాస్తున్నానో తెలియక చాలా ఏడుపొచ్చేది. అందుకే వేరే ఇల్లు చూసుకున్నాను.

లోపలున్నది చెరిపేయండి. ఆయన చేత్తో ఏదైనా రాయించి అది చెక్కండి. ఒక్క ముక్క చాలు. అందాకా సామాను సర్దను.

ఇట్లు,
పై వాటా

తా.క.: ఏం రాయాలని ఆయన మిమ్మల్నే అడుగుతారు. చెప్పకండి.