రద్దు చేయని గడువు

అక్టోబర్ 3, మంగళవారం. ఉదయం 11:50

వాలేని అనే ఊరి రూటర్ పని అయిపోయింది. ఊరు కొండ మీద, నేను ఆఫీసులో. ఇంటర్‌ఫేస్‌కి కొత్త అడ్రస్ ఇచ్చాను. చేత్తో రాసిన పాత రూట్లు తీసేసి, దారులు తనే వెతుక్కునే ఓఎస్‌పీఎఫ్ పెట్టాను. దూరపు రూటర్‌ని ముట్టుకునే ముందు పదిహేను నిమిషాల రీస్టార్ట్ గడువు పెడతాం. పొరపాటున మన దారి మనమే మూసుకుంటే, దానంతట అదే ఆగి పాత సెట్టింగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే గడువు రద్దు చేయాలి. అంతా బాగుంది. సేవ్ చేశాను. ఇవాళ మా బాస్ దియోనిసియె పేరుపండుగ, ఆయన పేరున్న సెయింట్ రోజు. ముందు కేకు తిను స్మరాండా, రూటర్ ఎక్కడికీ పారిపోదులే అన్నాడు. తింటున్నాను.

మధ్యాహ్నం 1:15

గడువు రద్దు చేయలేదు.

అక్టోబర్ 4

నిన్న 11:56కి రూటర్ ఆగిపోయి మళ్ళీ లేచింది. నాలుగు నిమిషాలు. సరిగ్గా అప్పుడే ఊరి నర్సు వియోరికా వీడియోలో గుండె డాక్టరుతో మాట్లాడుతోంది. మంచం మీద గవ్రిల్ తాత. ఆ ఊళ్ళో ఫోన్ సిగ్నల్ ఉండదు. లైన్ వచ్చేసరికి తాత పోయాడు.

దియోనిసియెకి చెప్పాను. తలుపు వేసి వచ్చాడు. లైనున్నా బతికేవాడు కాదని డాక్టరే అంటున్నాడు కదా, రిజిస్టర్లో కరెంటు పోయిందని రాసెయ్, కొండల్లో అదేం వింత అన్నాడు. రాశాను. వియోరికాకీ అదే చెప్పాను.

అక్టోబర్ 5

పని చేశాను.

అక్టోబర్ 19

ఇంకో మూడు ఊళ్ళ రూటర్లు మార్చాను. గడువు రద్దయిందో లేదో మూడేసి సార్లు చూస్తున్నాను. ఏమీ అనిపించడం లేదు. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది.

నవంబర్ 8

వియోరికా ఫోన్ చేసింది. గవ్రిల్ భార్య లియానా ఎవరు చెప్పినా వినడం లేదట. ఆయనకి చలేస్తోందని ఆ పొద్దున హీటర్ పెట్టాను, దాంతోనే వీధి ఫ్యూజు పోయింది, చేతులారా నేనే చంపుకున్నాను అంటోందట. పట్టపగలు కదా, దీపాలు లేవు; ఆ కంగారులో కరెంటు నిజంగా పోయిందో లేదో ఎవరు చూశారు?

నవంబర్ 9

వాలేని వెళ్ళడానికి సెలవు అడిగాను. ఎందుకు, నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోవడానికా అన్నాడు దియోనిసియె. అవునన్నాను.

నవంబర్ 11, శనివారం

తాత పోయి నలభయ్యో రోజు. చర్చి నుంచి వచ్చాక లియానా నా చేతిలో ఉడికించిన తీపి గోధుమల కొలివా గిన్నె పెట్టింది. తిను అమ్మాయ్, ఆయన పేరు మీద అంది. తినకుండానే చెప్పాను. కరెంటు పోలేదు, లైను ఆపింది నేను, అబద్ధం రాసింది కూడా నేనే అని.

హీటర్ కాదా అని అడిగింది. కాదన్నాను. మళ్ళీ అడిగింది. కాదన్నాను.

నలభై రోజులుగా దాన్ని ముట్టుకోలేదే అమ్మాయ్, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా ముట్టుకోలేదే అంది. నాకు సిగ్గేసింది.

లేచి హీటర్ ప్లగ్ పెట్టింది. తీగలు ఎర్రబడ్డాయి. చేతులు కాచుకుంటూ, ఇక వెళ్ళు అంది.