నలభై మూడు లిండెన్ చెట్ల చావు

గోర్నో కమెన్,
నవంబరు 3

పురపాలక పచ్చదనం విభాగం అధికారి మెతోదీ గారికి,

నమస్కారం. నా పేరు రాయ్నా. చర్చి వెనక పార్కులో ముప్పై ఒక్క ఏళ్ళు తోటపని చేసి రిటైరయ్యాను. ఆ పార్కుకి ఎదురింట్లోనే ఉంటాను. మీరు ఈ కుర్చీలోకి వచ్చి నాలుగు నెలలైందనీ, అంతకుముందు కరెంటు మీటర్లు చూసేవారనీ విన్నాను. మేయరు గారి బావమరిది కావడం తప్ప చెట్లతో మీకు ఏ చుట్టరికమూ లేదట. నేను అనడం లేదు, ఊరంటోంది.

కొండ నెత్తి అప్పుడే తెల్లబడింది. పది రోజుల్లో నేల గడ్డకడుతుంది. ఈలోగా పార్కులో ఉన్న మనవాళ్ళందరికీ కడుపునిండా తాగించండి. ఇప్పుడు తాగకపోతే చలికాలం గట్టెక్కలేరు. లిండెన్ చెట్ల మొదళ్ళకు నడుము ఎత్తున సున్నం వేయించండి. గులాబీల పాదాలు మట్టితో కప్పించండి. కత్తెర మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇప్పుడు కొమ్మ కోస్తే ఆ గాయం మానదు.

ఇట్లు,
రాయ్నా

తా.క.: మీ మనుషులకు అర్థం కాకపోతే నన్ను పిలవండి. మీకే అర్థం కాకపోతే ఇంకా తొందరగా పిలవండి.


పురపాలక కార్యాలయం,
నవంబరు 8

శ్రీమతి రాయ్నా గారికి, పచ్చదనం విభాగం అధికారి మెతోదీ వ్రాయునది.

మీ ఫిర్యాదు అందింది. తీసుకున్న చర్యలు తెలియజేస్తున్నాం.

పార్కులో ఉన్న మనవాళ్ళకి, అంటే పనివాళ్ళు ఏడుగురికీ, కడుపునిండా ద్రాక్ష సారా తాగించాం. మీరన్నది నిజమే, ఎవరికీ చలి తెలియలేదు. ముగ్గురికి ఇంటి దారి కూడా తెలియలేదు.

సున్నం నడుము ఎత్తున అన్నారు గానీ ఎవరి నడుమో రాయలేదు. అందుకని కమిటీ వేశాం. మా మేస్త్రీ గాంచో ఆరున్నర అడుగుల మనిషి, సూపర్‌వైజరు గారు అందులో సగం. వాదన తేలక చర్చి వైపు చెట్లకు గాంచో నడుము దాకా, బడి వైపు చెట్లకు సూపర్‌వైజరు నడుము దాకా వేయించాం.

గులాబీల పాదాల కోసం వెతుకుతున్నారు.

భవదీయుడు,
మెతోదీ

తా.క.: మీరు రాసింది విన్నపమో ఫిర్యాదో స్పష్టంగా లేదు. ఫిర్యాదు కిందే నమోదు చేశాను. ఈసారి కాస్త గట్టిగా తిట్టగలరు.


నవంబరు 9

మెతోదీ గారూ,

తాగించమన్నది నీళ్ళు. చెట్లకి.

నీళ్ళు, చెట్లకి! మీ ఏడుగురిలో ఒకాయన నా గుమ్మం ముందు కూలబడి, నన్ను చచ్చిపోయిన వాళ్ళమ్మ అనుకుని, "ఎందుకు వెళ్ళిపోయావే అమ్మా" అని బావురుమన్నాడు. మళ్ళీ వెళ్ళను గాక వెళ్ళను అని నాచేత ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళాడు.

సున్నం సంగతి సరేసరి. పార్కు ఒక వైపు మోకాళ్ళ దాకా లాగు ఎత్తుకున్నట్టు, ఇంకో వైపు చంకల దాకా లాక్కున్నట్టు ఉంది.

ఇప్పుడైనా చెవిన పెట్టండి. గులాబీ పాదమంటే మొదలు. అక్కడ జానెడు మట్టి పొయ్యాలి. దేవదారు మొక్కల కొమ్మలు మంచు బరువుకి చీలిపోకుండా, కింద నుంచి పైకి జడ చుట్టినట్టు తాడు చుట్టాలి. చలికి ఓర్చుకోలేని వాటన్నిటికీ ఏదో ఒకటి కప్పాలి.

రాయ్నా

తా.క.: గట్టిగా తిట్టమన్నారు. ఇది మామూలు గొంతే. గట్టిది వేరే ఉంది.


నవంబరు 15

శ్రీమతి రాయ్నా గారికి,

మీ రెండో ఫిర్యాదుకు కృతజ్ఞతలు. నీళ్ళు పోశాం. గులాబీల పాదాలు దొరికాయి, కప్పేశాం. దేవదారులకు తాళ్ళు చుట్టాం. చలికి ఓర్చుకోలేని వాటన్నిటికీ ప్లాస్టిక్ కప్పాం. మొక్కలు, బెంచీలు, బడి కట్టించిన మాస్టారి విగ్రహం. ఆయన బట్టతల చూసి గాంచోకి జాలేసిందట.

ఇక ఒక దుర్వార్త. మీ సలహాలు అమలు చేసిన వారం రోజుల్లోనే పార్కులోని నలభై మూడు లిండెన్ చెట్లూ చనిపోయాయి. ఒక్కదాని మీద కూడా ఆకు లేదు. కమిటీ వెళ్ళి చూసి, చచ్చాయని సంతకాలు పెట్టి, కాగితాలు జిల్లాకి పంపింది. వాటి ఆత్మకు శాంతి కలుగుగాక.

మెతోదీ

తా.క.: మీకు చెట్లంటే ఉన్న ప్రేమ తెలుసు. ధైర్యంగా ఉండండి, వేళకి భోంచెయ్యండి.


నవంబరు 16

ఓరి నాయనా మెతోదీ,

ఇక గారూ లేదు, గీరూ లేదు. చలికాలం ఆకు రాలితే చెట్టు చావడమా? అయితే నీ తలకాయ ఎప్పుడో చచ్చినట్టే. నిద్రపోతున్నాయిరా అవి! నీకు పెళ్ళాం ఉంటే, ఆవిడ కళ్ళు మూసుకోగానే పాదిరికి కబురు పెడతావా?

పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్క చెట్టు బెరడూ గోటితో గీకి చూశాను. లోపల నవనవలాడే పచ్చదనం. నలభై మూడు చెట్లూ నిక్షేపంగా బతికున్నాయని ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవంతో సంతకం పెడుతున్నాను. ఆ ప్లాస్టిక్ కూడా ఇవాళే పీకించు. మధ్యాహ్నం ఎండకి లోపల మొక్కలు ఉడికిపోతున్నాయి. గోనెపట్ట చుట్టించు. వాటికి ఊపిరాడాలి.

రాయ్నా

తా.క.: దీని నకలు మేయరు గారికి నా చేత్తో ఇచ్చి వచ్చాను. చదివి ఆయన ఎంత సంతోషించాడో! కాఫీ తెప్పించాడు, కేకు పెట్టించాడు. నీలాంటి వెధవ బావమరిదికి అంత మర్యాదస్తుడు బావ ఎట్లా అయ్యాడో!


నవంబరు 18

రాయ్నా అత్తా,

ఆఫీసు కాగితం మీద రాయడం లేదు, గమనించారా? నిన్నటి నుంచి నేను పచ్చదనంలో లేను. శ్మశానం విభాగానికి మార్చారు.

ఆకు రాలితే చెట్టు చావదని నాకు తెలియదా అత్తా? నేనూ ఈ ఊళ్ళోనే పుట్టాను. మా బావ ఆ పార్కు కొట్టేసి కార్లు నిలిపే చోటు కట్టిద్దామనుకున్నాడు. అందుకే ఈ ఏడు పార్కుకి ఏమీ చెయ్యొద్దన్నాడు. ఫిర్యాదు వస్తే తప్ప తాడు ముక్క కూడా కొనకూడదని ఆదేశం. అందుకే మీచేత తిట్టించుకున్నాను. మీరు తిట్టిన ప్రతిసారీ సామాను కొన్నాను. గోనెపట్ట కూడా నిన్న పొద్దున్నే, కుర్చీ దిగే ముందు, కొని చుట్టించేశాను.

బతికున్న చెట్టుని కొట్టాలంటే మేయరు సంతకం ఒక్కటి చాలు. చచ్చిన చెట్టుని కొట్టాలంటే మాత్రం జిల్లా నుంచి నిపుణుడు వచ్చి, ఎట్లా చచ్చిందో తేల్చాలి. ఆయన ఏప్రిల్ దాటితే గానీ కొండెక్కడు. మేలో ఎన్నికలు. చిగురేసిన చెట్ల ముందు రంపంతో నిలబడే ధైర్యం మా బావకి లేదు. అందుకని వాటిని చంపాను.

మీరు బతికించారు, సంతకంతో సహా. శుక్రవారం రంపాలవాళ్ళు వస్తున్నారు.

మీ
మెతోదీ

తా.క.: మీ తప్పేం లేదు. ఇంత బాగా వెధవలా కనిపించడం నా తప్పే.


నవంబరు 22

నాయనా మెతోదీ,

నీ ఉత్తరం చదివాను. మీ బావ ఆ కేకు ఎందుకు పెట్టించాడో అప్పుడు తెలిసింది.

వెంటనే కాగితం తీశాను. "నాకు చూపు ఆనడం లేదు. చచ్చిన చెట్టేదో బతికున్న చెట్టేదో తెలియని దశకి వచ్చాను. నవంబరు 16న నేను రాసిన ఉత్తరం చెల్లదు. చెట్లు చనిపోయాయి" అని రాసి, జిల్లాకి ఒకటి, మేయరుకి ఒకటి పంపాను. ముప్పై ఒక్క ఏళ్ళలో అబద్ధానికి సంతకం పెట్టడం ఇదే మొదలు. సంతకం వంకర పోయింది. వంకర పోవడమే మంచిదైంది, ముసలితనం కింద నమ్ముతారు.

అయినా ఆ సంతకాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. మన ఊళ్ళో మనిషి పోతే గుమ్మానికి చావు కాగితం అంటిస్తాం కదా, అట్లాంటివి నలభై మూడు అచ్చు వేయించాను. నల్ల అంచు, పైన సిలువ. "మా ప్రియమైన లిండెన్, వయసు అరవై ఏళ్ళు, దుఃఖంలో ముంచి వెళ్ళింది." చెట్టుకొకటి అంటించాను. మా వీధి ఆడవాళ్ళు పదకొండు మంది నల్లబట్టలు కట్టుకుని, చావింట్లో పంచే ఉడికించిన గోధుమలు చక్కెర చల్లి గిన్నెల్లో తెచ్చారు.

శుక్రవారం రంపాలవాళ్ళు వచ్చారు. కాగితాలు చూసి టోపీలు తీశారు. "ఎవరమ్మా పోయింది?" అన్నాడొకడు. "అందరూ" అన్నాను. ఇంకేం అడగలేదు. తలా రెండు గిన్నెలు తిని, "శవాల మీద రంపం పెట్టం తల్లీ" అని వెళ్ళిపోయారు. మేయరు పరుగెత్తుకొచ్చేసరికి సగం ఊరు అక్కడే ఉంది, ఆయన పక్కన మీ అక్క కూడా ఉంది. చావు దగ్గరికి వచ్చినవాడు ఊరికే ఎట్లా వెళ్తాడు? ఆవిడే ఆయన చేతికి పూలు ఇచ్చింది. చావుకి పూలు సరిసంఖ్యలోనే పెడతాం కదా, ఆ లెక్కన చెట్టుకి రెండు. నలభై మూడు చోట్లా వంగి పెట్టాడు. ఇరవయ్యో చెట్టు దగ్గర నడుం పట్టేసింది. మిగతావి గాంచో ఎత్తి వంచాడు.

ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలి, అది ఉత్తరంలో అయ్యే పని కాదు.

నీ అత్త,
రాయ్నా

తా.క.: ఏప్రిల్లో ఇవన్నీ చిగురేస్తే ఊరికి ఏం చెప్పాలని మన చర్చి పాదిరిని అడిగాను. క్రీస్తు చావు నుంచి లేచిన ఈస్టర్ పండుగ ఈసారి ఏప్రిల్లోనే, దిగులుపడకు అన్నాడు.