వినపడటం లేదట!

మంగళవారం రాత్రి, కరోల్ బాగ్

పైకి చదవకపోతే నాకు బుర్రకెక్కదు. చిన్నప్పుడు నా గొంతు ఆగితే చాలు, అమ్మ వంటింట్లోంచి "వినపడటం లేదే!" అని అరిచేది. ఆ అలవాటే. ఇక్కడ హాస్టల్లో ఆ గోల భరించలేకే ఇద్దరు రూమ్మేట్లు గది మార్చేసుకున్నారు. అందుకే రోహ్‌తక్ నుంచి ఈ నేహా వచ్చినప్పటి నుంచీ పుస్తకం పట్టుకుని మేడ మీదికి పోతున్నాను. తనది కామర్స్, నా చరిత్రతో తనకేం పని?

ఈ సాయంత్రం వాన. ఇక గదిలోనే, మొగలు రాకుమారుల యుద్ధం గొణుక్కుంటూ చదివాను. పెద్దవాడు ఓడిపోయి పారిపోయే చోట కరెంటు పోయింది. ఆపేశాను.

చీకట్లోంచి నేహా, "ఫిర్ క్యా హువా దీదీ? పకడా గయా?" అంది.

దొరికిపోయాడన్నాను. "అరే! మార్ దియా?" చంపేశారా అంటూ మంచం దిగొచ్చి, ఫోన్ లైటు నా పుస్తకం మీద పట్టింది. "జోర్ సే పఢో నా, సునాయీ నహీ దేతా."

వినపడటం లేదట! రేపు తన పరీక్షలప్పుడు ఏమంటుందో... ఇవాళ మాత్రం ఊళ్లో అమ్మ వంటింట్లోకి వినపడేంత గట్టిగా చదివాను.