పది గంటల ఎండ

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
11 ఫిబ్రవరి 1994

వదినగారు జ్ఞానరత్నమ్మ గారికి,

మీ వియ్యపురాలు ఎస్తేరు వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మర్యాదలు ఇంతటితో చాలు వదినా, చెయ్యి ఆగడం లేదు. మన ఎమిలీకి షుగర్ దిగింది! దిగిందంటే దిగింది!

పొద్దున్న రిపోర్టు చూసి డాక్టరమ్మ నవ్వింది. ఆవిడ పళ్లు నేను చూడటం ఇదే మొదలు. బిడ్డ ఎదుగుదల సరిగ్గా ఉందట, ఇన్సులిన్ సూదుల అవసరం లేదట. పోయిన కాన్పులో బిడ్డ దక్కనప్పటి నుంచి మీ గుండె ఎలా ఉందో నాకు తెలుసు. అందుకే మా అబ్బాయి కృపారావు డ్యూటీ దిగేదాకా కూడా ఆగకుండా రాస్తున్నాను.

కడుపుతో ఉంటే షుగర్ వస్తుందని నేనెప్పుడు విన్నాను? నలుగురిని కన్నాను, ఆ మాటే లేదు. దానికి తోడు, షుగర్ బయటపడ్డ రోజునే డాక్టరమ్మ ఎమిలీ ఒళ్లునొప్పుల సంగతి విని, ఎండ తగలక డి విటమిన్ తగ్గి ఉంటుందంది. మాసీమా, కోడల్ని పెట్టెలో దాచారా అని బెంగాలీలో నన్ను నిలదీసింది. నిజమే, దిష్టి తగులుతుందని పిల్లని గుమ్మం దాటనివ్వలేదు. మన పాస్టరుగారికి చెప్పకండి.

డి విటమిన్‌కీ ఈ షుగర్‌కీ సంబంధం ఉందో లేదో పెద్ద డాక్టర్లకే తేలలేదట. ఎముకలకైతే మంచిదని మాత్రలిచ్చింది. ఆ రోజు నుంచి పది గంటలకల్లా పెరట్లో నులకమంచం వేసి కూర్చోబెడుతున్నాను. పక్క క్వార్టరు సరోజమ్మ గోడ మీంచి చూసి, "ఏటి ఎస్తేరమ్మా, కోడల్ని వడియాల్లాగ ఎండబెడతన్నావు?" అంటుంది. అననీ! సాయంత్రం తాల్‌బగీచా దాకా ఇద్దరం నడుస్తున్నాం కూడా.

మొదట్లో షుగర్ ఎంతకీ దిగకపోతే, జావలో తానే బెల్లం కలుపుకున్నానని ఎమిలీ డాక్టరమ్మ దగ్గర ఒప్పుకుందని మీకు రాశాను కదా. కృపారావు అరిచాడు. మీరు తిడుతూ ఉత్తరం రాశారు. అది చదివి పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడు ఒక మంచి ఉత్తరం రాయండి వదినా. ఏప్రిల్‌లో కాన్పు, ముందే రండి.

మీ వదిన,
ఎస్తేరమ్మ

తా.క. కవరు అంటించబోయి మళ్లీ తీశాను. ఆ బెల్లం కలిపింది నేను. డాక్టరమ్మ 'చీనీ బంద్' అంది. పంచదార మానిపించాను. కొత్త ఖర్జూరపు బెల్లం, బిడ్డకి బలమని రోజూ జావలో వేశాను. బెల్లం కూడా షుగరేనని మా ఇద్దరికీ తెలియదు. ఎవరు కలిపారని డాక్టరమ్మ గద్దించినప్పుడు నేను నోరు తెరిచేలోపే, నేనే అంది మీ అమ్మాయి. ఇంటికొచ్చాక ఎందుకలా అన్నావని అడిగాను. "రేపు బిడ్డకేటైనా అయితే ఆయన మిమ్మల్ని జన్మలో క్షమించరు అత్తయ్యా, నన్నయితే క్షమిస్తారు" అంది. నేను నోరు మూసుకున్నాను. పైగా మీకు అబద్ధం రాశాను.

కృపారావుకి సాయంత్రం చెబుతాను. మనసు మారకుండా ముందు ఈ ఉత్తరం డబ్బాలో వేసి వస్తాను.