పద్నాలుగో గడిలో చేపపిల్లలు

బావగారికి,

మీరూ అక్కా కులాసాగా ఉన్నారనుకుంటాను. పోయిన వారం అక్కతో అన్న పని సంగతి ఇదే. మన అఖాతంలో ఏ చోట అయిదేళ్ళు వేట ఆపితే చేపపిల్లలు మళ్ళీ పెరుగుతాయో తేల్చమని మా పరిశోధన కేంద్రానికి అప్పజెప్పారు. పటం మీద అఖాతాన్ని అరవై గడులుగా విడగొట్టాం. నీటి లోతు, వేడి, అడుగున పెరిగే సముద్రపు గడ్డి, అన్నీ కలిపి కంప్యూటర్లో నేనొక మోడల్ కట్టాను. ఇక కావలసింది నీళ్ళలోకి దిగి ఎక్కడ ఎన్ని పిల్లలున్నాయో చూసి చెప్పే మనిషి. మీకంటే ఆ నీళ్ళు తెలిసినవాళ్ళు లేరని మా డైరెక్టరుతో వాదించి మీ పేరు రాయించాను.

వారానికోసారి మీ రేవు పక్కనున్న పద్నాలుగో గడికి వెళ్ళి, నేను పంపుతున్న ఇనుప చట్రాన్ని గడ్డి మీద పదిచోట్ల దించి, దాని లోపల కనపడ్డ పిల్లల్ని లెక్కపెట్టండి. కాగితం మీద సంతకం ఉంటేనే చెల్లుతుంది కాబట్టి ఫోనులో చెబితే కుదరదు, పోస్టులో పంపాలి. రెండు నెలల్లో మీ ఊళ్ళోనే సభ పెట్టి నిర్ణయం చెబుతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి, అంతే.

మీ మరదలు

తా.క. చట్రం బట్టలారేసుకోవడానికి కాదని అక్కతో చెప్పండి.

*

మరదలికి,

మోడలంటే బట్టల కొట్టు అద్దాల వెనక నిలబెట్టే బొమ్మ అని మాత్రమే నాకు తెలుసు. నువ్వు సముద్రానికే బొమ్మ కట్టావని మీ అక్క వీధి వీధంతా చెప్పుకుంది. అక్కడే వచ్చింది చిక్కు. వేట ఆపుతారన్న మాట మా పడవల సంఘం పెద్ద చెవిన పడింది. ఆయన గొంతుకి మేం పెట్టుకున్న పేరు మైకు. నిన్న నా పడవ దగ్గరికొచ్చి, నా చేత్తో రాసిన అంకె మీద ఎనభై పడవలు ఆధారపడి ఉన్నాయని గుర్తుచేసి వెళ్ళాడు.

ఆయన భయం అనవసరమని నేనే చెప్పాను. కాగితం చూడు. పద్నాలుగో గడిలో నాలుగు వందల పన్నెండు పిల్లలు. ఇంత నిండుగా ఉన్నచోట కాపాడాల్సిందేముంది? ఇంకెక్కడైనా మూసుకోమని మీ డైరెక్టరుగారికి చెప్పు.

నీ బావ

తా.క. అన్ని చేపల్ని ఎలా లెక్కపెట్టారని అడుగుతావేమో. కదలకుండా నిలబడ్డాయి. మంచి చేపలు.

*

బావగారికి,

మీ అంకె చూసి మా డైరెక్టరు కుర్చీలోంచి లేచారు. పిల్లలు అంత దట్టంగా ఉన్నాయంటే అది అఖాతమంతటికీ పురిటిగది లాంటిది, అన్నిటికంటే ముందు మూయవలసింది అదే అన్నారు. మోడల్ కూడా అదే తేల్చింది. పద్నాలుగో గడి ఎర్రబడింది, దాన్ని ఆనుకున్న నాలుగు గడులు కూడా ఎర్రబడ్డాయి. ఎరుపంటే వేట ఆపే చోటు. మీ కష్టానికి డైరెక్టరు ప్రత్యేకంగా ధన్యవాదాలు చెప్పమన్నారు.

మీ మరదలు

తా.క. చేపపిల్లలు కదలకుండా నిలబడవు బావా.

*

మరదలికి,

ధన్యవాదాలు వెనక్కి తీసుకోమని చెప్పు. మైకు మధ్యాహ్నం నలుగురిని వెంటేసుకుని ఇంటికొచ్చాడు. మీ అక్క మంచినీళ్ళిస్తే ఎవరూ ముట్టుకోలేదు. గ్లాసులు వరసగా అలాగే పెట్టి వెళ్ళిపోయారు. వెళ్తూ మైకు ఒక్కటే అన్నాడు, ఇకపై నా పడవ రేవులోకి లాగాలంటే నాకు నేనే చెయ్యి వేసుకోవాలని. నలుగురు లాగితే తప్ప కదలని పడవ అది.

కాబట్టి ఈ వారం మళ్ళీ జాగ్రత్తగా చూశాను. పోయినసారి ఎండ కళ్ళలో పడి పొరపాటైంది. పద్నాలుగో గడిలో సున్నా. ఒక్క పిల్లా లేదు, ఒక్క పీతా లేదు. ఖాళీ చోటుని మూసి ఏం లాభం?

నీ బావ

తా.క. పీతల లెక్క నువ్వడగలేదని తెలుసు. నీ మనశ్శాంతికి రాశాను.

*

బావగారికి,

ఏం చేశారో మీకు తెలియడంలేదు. వారంలో నాలుగు వందల పన్నెండు నుంచి సున్నా అంటే, మోడల్ లెక్క ప్రకారం అక్కడ పెద్ద ప్రమాదం జరిగినట్టు. విషమో, వ్యాధో అని డైరెక్టరు అందర్నీ పిలిపించారు. ఇప్పుడు పడమటి సగమంతా ఎరుపే, ముప్పై గడులు. రెండు నెలలు ఆగడానికి లేదని సభను ముందుకు లాగారు. ఇక ఇరవై రోజులే.

ఆ కాగితాల మీద మీ సంతకం పక్కన నా సంతకం ఉంది. ఇంకో కాగితం పంపండి. మీరు కళ్ళతో చూసిందే రాయండి. ఎంత తక్కువైనా, ఎంత ఎక్కువైనా సరే.

మీ మరదలు

తా.క. సున్నాకీ నాలుగొందలకీ మధ్య కూడా అంకెలుంటాయి బావా.

*

మరదలికి,

ఎక్కువ రాస్తే మూస్తావు, తక్కువ రాస్తే ఇంకా మూస్తావు. పెళ్ళిలో నీ పాట విని నవ్వినందుకు ఇన్నేళ్ళకి కక్ష తీర్చుకుంటున్నావని మీ అక్కతో అన్నాను. ఆ మాటకి రెండు రోజులుగా నాతో మాట్లాడటంలేదు. ఊళ్ళోనూ ఎవరూ మాట్లాడటంలేదు. వలలు బాగుచేసేవాడు నా వల తిరిగిచ్చేశాడు, చిరుగు చిరుగుగానే.

నీ సలహా ప్రకారం మధ్యలో రాశాను. రెండు వందల ఆరు.

నీ బావ

తా.క. సరిగ్గా సగం వచ్చిందని అనుమానపడకు. చేపలే అలా సర్దుకున్నాయి.

*

బావగారికి,

మీ ఉత్తరం చదివి డైరెక్టరు గదికి వెళ్ళాను. మూడు కాగితాలూ నమ్మదగ్గవి కావని, అవి రాసింది మా బావేనని, ఆయన్ని ఎంచుకున్న తప్పు నాదేనని చెప్పేశాను. విచారణ తేలేదాకా ఆఫీసుకి రావద్దన్నారు. సభకీ రాకూడదు.

నమ్మదగిన లెక్క లేనప్పుడు ముందుజాగ్రత్తగా అఖాతం మొత్తం మూయాలన్నది నిబంధన. వచ్చే గురువారం డైరెక్టరు ఒక్కరే వచ్చి ఆ సంగతి చదివి వినిపిస్తారు. ఆ కాగితం తయారుచేసింది కూడా నేనే. మీమీద నాకు కోపం లేదని రాయాలనుకున్నాను. రాయలేకపోతున్నాను.

మరదలు

*

మరదలికి,

సభ ఎలా జరిగిందో ఇంకెవరూ చెప్పకముందే నేనే చెప్పాలని కూర్చున్నాను.

నీ ఉత్తరం ముందు మీ అక్క చదివింది. చట్రం ఒక్కసారైనా నీళ్ళలో దించారా అని అడిగింది. దించలేదన్నాను. మూడు కాగితాలూ ఒడ్డున పడవ నీడలో కూర్చుని నింపినవే. "మీరు అబద్ధమాడింది ఆఫీసుతో కాదు, నా చెల్లెలితో," అంది.

మర్నాడు పొద్దున నేను దిగబోతుంటే తెడ్డు నా చేతికిచ్చి, నీటి అద్దాలు తను పెట్టుకుంది. మీరిద్దరూ ఈ నీళ్ళలోనే ఈత నేర్చుకున్నారన్నది మర్చేపోయాను. ఆరు రోజులు తను దిగింది, నేను పడవ నిలబెట్టాను. నన్ను కాగితం ముట్టుకోనివ్వలేదు.

పద్నాలుగో గడిలో పదిచోట్లా కలిపి ముప్పై ఒకటి. అక్కడి గడ్డి లంగర్లకి చిక్కి చాలామటుకు ఊడిపోయిందట. ఆ లంగర్లలో నాదీ ఒకటి.

ఆరో రోజు పడవని నల్లబండల వెనక్కి తిప్పాను. అది మా నాన్న నాకొక్కడికే చూపించిన చోటు. మీ అక్కకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. తను దిగి, పైకొచ్చి, మళ్ళీ దిగింది. మూడోసారి వచ్చాక గానీ రాయడం మొదలుపెట్టలేదు. అయిదు వందల ఆరు. సభలో గోడకి పెట్టిన పటంలో అది నలభై ఒకటో గడి. నీ మోడల్లో ఏమీ లేని చోటని తెల్లగా ఉంది.

సభలో మీ డైరెక్టరు అఖాతమంతా అయిదేళ్ళు మూస్తున్నట్టు చదివాడు. కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. నేను లేచి, ఆ తప్పుడు లెక్కలు రాసింది నేనని, మా మరదలికేమీ తెలియదని చెప్పాను. మైకు కూర్చోమన్నాడు, నెమ్మదిగానే. నెమ్మదిగా మాట్లాడటం ఆయనకి చేతనవునని ఇన్నేళ్ళకి తెలిసింది.

కొత్త కాగితం ఇచ్చాను. మూడుసార్లు అబద్ధం రాసినవాడి నాలుగో కాగితం ఎందుకు నమ్మాలని డైరెక్టరు అడిగాడు. మీ అక్క లేచి, రాసింది ఆయన కాదు, నేనంది. గడ్డి రంగు, నీటి లోతు, పిల్లల పొడవు, అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబిచ్చింది.

అప్పుడు నేను పటం దగ్గరికెళ్ళి నలభై ఒకటో గడి మీద వేలు పెట్టాను. ఇన్నేళ్ళూ నా పడవ నిండింది ఇక్కడేనన్నాను. హాలంతా నా వేలి వైపు చూసింది. నేనేం చేశానో అప్పుడు తెలిసింది. ఎనభై పడవలవాళ్ళు చూస్తున్నారు, తెల్లారితే ఎనభై వలలు అక్కడుంటాయి.

"అయ్యా, మూసేదేదో ఈ సాయంత్రమే మూసెయ్యండి. రేపటికి అక్కడేమీ మిగలదు," అన్నాను. మూయొద్దని నీతో ఇన్నాళ్ళు పోట్లాడినవాణ్ణి, నిండు సభలో డైరెక్టరు చేతులు పట్టుకుని మూయమని బతిమాలాను.

అప్పటికప్పుడే ఆయన నా పడవెక్కాడు. నల్లబండల వెనక అద్దాలు పెట్టుకుని నీళ్ళలో తలపెట్టాడు. చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక, మీ మరదల్ని సోమవారం ఆఫీసుకి రమ్మనండి అన్నాడు.

మీ అక్క లెక్క నమ్మదగిందేనని ఒప్పుకుని, నలభై ఒకటీ, దాని పక్క రెండు గడులూ ఆ సాయంత్రమే మూశారు. పద్నాలుగులో లంగరు వేయకూడదు, వేటకి అడ్డు లేదు. మిగతా నీళ్ళు అందరివీ. పొద్దున పడవ లాగడానికి నలుగురొచ్చారు, మైకు కూడా. నా చోటు పోయింది. ఇక అందరితోపాటు నేనూ వెతుక్కోవాలి. లెక్కలు చూసే ఉద్యోగం మీ అక్కకిచ్చారు. నేను పడవ నడుపుతాను.

నన్ను క్షమించు.

నీ బావ

తా.క. సభకి నాలుగు వందలమంది వచ్చారని పైన రాశాను. మీ అక్క చదివి కొట్టేసింది. నూట ఎనిమిదిమందేనట. లెక్కపెట్టిందట.