సీలు విప్పని డబ్బా

హనుమకొండ,
12 నవంబరు 2025, బుధవారం.

చిరంజీవి హారికకు,

బాపమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నా కుడి మణికట్టు తప్ప తక్కినవన్నీ క్షేమం. అక్కడ నీ ఫోను తప్ప తక్కినవన్నీ క్షేమమని తలుస్తాను. అది పాడైందో, నా పేరు కనబడగానే దానికి గొంతు పోతోందో తెలియదు కనుక ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని కట్ చేయడం కుదరదు. చింపవచ్చు. కానీ ఎంతటివాళ్ళయినా చింపేముందు ఒక పేజీ చదువుతారు.

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. ఎడమ చేత్తో, కాసేపు రాసి కాసేపు ఆగి రాస్తున్నాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బోర్డు మీద కెమిస్ట్రీ రాసిన కుడి చెయ్యి ఇప్పుడు మెడకు వేలాడుతూ రిటైర్మెంటు అనుభవిస్తోంది. కట్టు ఎప్పుడు విప్పుతారో దవాఖానవాళ్ళు ఇంకా చెప్పలేదు.

ముందు ఇంటి కబుర్లు. మీ అమ్మ ఉసిరికాయ పచ్చడి పెట్టింది. నన్ను జాడీ దగ్గరికి రానివ్వలేదు. ఉప్పు రెండుసార్లు వేస్తానేమోనని భయం. యమున మంచి కోడలే, ఆ మాట నోటితో అనలేదు. నువ్వు కూసో అత్తమ్మా, నేను జేస్తగద అంది. పొద్దున గోలీ వేసుకున్నానా అని ముగ్గురు అడుగుతున్నారు, పనమ్మాయితో కలిపి. నేను వంటింట్లోంచి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్ళి గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూస్తున్నారు. నిన్న మీ నాన్న నా పక్కన కూర్చుని, అమ్మా, ఇయ్యాల ఏం వారం అని ముద్దుగా అడిగాడు. మంగళవారం అని చెప్పి, వాడికి నమ్మకం కుదరడానికి ఆవర్తన పట్టికలో మొదటి ఇరవై మూలకాలూ వరుసగా అప్పజెప్పాను. దానికి ఇంకా భయపడ్డాడు.

ఇక కారు సంగతి. పరకాల నుంచి సదానందం అనే అతను వచ్చి చూసుకుపోయాడు. వచ్చే ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపోతాడు. కుడిపక్క తలుపులు రెండూ గీరుకుపోయి ఉన్నా, ఇంజను మంచిగున్నదమ్మా, పెద్దమనిషి నడిపిన బండి అంటే గట్ల తెలుస్తది అన్నాడు. ఈ నెల రోజుల్లో నా డ్రైవింగును మెచ్చుకున్నది అతనొక్కడే. కారు కొనుక్కుపోయేవాడు కాబట్టి ఆ ఆనందం కూడా నాకు పూర్తిగా దక్కలేదు.

ఈ ఇంట్లో నాకు కొత్త పేరు వచ్చింది హారికా. ఆగమైన మనిషి, మతి చెదిరినదన్నమాట. పెట్టింది నువ్వు.

ఘాట్‌లో బండి గట్టుకు తగిలిన మూడో రోజు, హాల్లో నువ్వూ ఉన్నావు. అయినా నా కుర్చీలోంచి అది ఎలా కనబడిందో నీకు తెలియదు. సోఫాలో మీ అమ్మానాన్నలు, గుమ్మం దగ్గర మెకానిక్ వెంకట్రాజం, కిటికీ పక్కన నువ్వు. వెంకట్రాజం, బ్రేకులు మంచిగనే పడ్తానయి సార్, పెడల్ రాయిలెక్క గట్టిగున్నది, నేనే తొక్కి చూసిన అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. మరి ఏమైనట్టమ్మా అని మీ నాన్న భాస్కర్ నన్నడిగాడు. పెడల్ నేల దాకా పోయిందిరా, కింద ఏమీ లేదు అన్నాను. అప్పుడు వాడు ఘాట్ రోడ్డు మీద టైర్ల గుర్తులకు తీసిన ఫోటో చూపించాడు. ఎడమ పక్కన గట్టు గంత దగ్గరుండంగ, రోడ్డు మొత్తం దాటి కుడిపక్క గట్టుకు ఎందుకు పోయినవమ్మా, ముంగటికెల్లి లారీ వస్తే ఏంగావాలె, బ్రేకనుకొని దేన్ని తొక్కినవో యాదికున్నదా అన్నాడు.

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. నీ వైపు చూశాను. నా పక్క సీట్లో కూర్చున్నదానివి నువ్వే కదా. నువ్వు కిటికీ ఊచలు చూస్తూ, నాకు తెల్వదు డాడీ, బాపమ్మ జర ఆగమైనట్టున్నది అన్నావు.

అంతే. మీ నాన్న లేచి తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

వెంకట్రాజానికి పెడల్ గట్టిగా ఎందుకు తగిలిందో నీకు తెలుసు. నేనే చెప్పాను, ఒకసారి కాదు. కాలి బలాన్ని చక్రం దాకా మోసుకుపోయేది బ్రేక్ ఫ్లూయిడ్. ద్రవం నలగదు, అందుకే బండి ఆగుతుంది. దిగుడు రోడ్డులో మాటిమాటికీ తొక్కుతుంటే ఆ వేడి ఫ్లూయిడ్ దాకా పాకుతుంది. అది మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నలుగుతుంది. ఎంత తొక్కినా బుడగల్నే తొక్కుతాం. ప్యాడ్లు కాలిపోయి పట్టు తప్పడం వేరే జబ్బు. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. మన పెడల్ మొదట దూదిలా మెత్తబడింది, ఆ తర్వాత నేలకంటింది. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమైపోయింది. వెంకట్రాజం వచ్చి తొక్కేసరికి సాక్ష్యం తనంతట తాను మాయమైంది. దొంగతనాల్లో కూడా ఇంత శుభ్రమైనది ఉండదు.

అది అంత త్వరగా ఎందుకు మరిగిందన్నదే అసలు ప్రశ్న. నేను వేగంగా నడుపుతాను. ఒప్పుకుంటాను. వేగంగా నడిపేదాన్ని కనుకనే మంచి ఫ్లూయిడ్ కావాలన్నాను. చౌరస్తాలో ఆ దుకాణంవాడు తక్కువ వేడికే మరిగే డాట్ త్రీ రకం ఇస్తుంటే వద్దని, డాట్ ఫైవ్ చూపిస్తే అది సిలికాన్ జాతి, మా బండిలో కలవదని వాడికి క్లాసు తీసుకుని, డాట్ ఫోర్, సీలున్న డబ్బా చూసి మరీ కొన్నాను. రాజమండ్రిలో నా పాత కొలీగ్ దగ్గరికి పోదాం, మారేడుమిల్లి ఘాట్ మీదుగా పోయి అదే దారిన వద్దాం అని మనం అనుకున్న వారం అది. బండిలో ఉన్న ఫ్లూయిడ్ రెండేళ్ళ నాటిది. డబ్బా నీ చేతికిచ్చి, శనివారం వెంకట్రాజం దగ్గర పాతదంతా తీయించి కొత్తది పోయించమన్నాను. సాయంత్రం వచ్చి, అయిపోయింది బాపమ్మా, ఇగ నువ్వు రేసుకు పోవచ్చు అన్నావు. నేను బానెట్ ఎత్తి చూస్తే ట్యాంకు పైగీత దాకా నిండుగా ఉంది. శాంపిల్ తీయకుండా రిపోర్టు మీద సంతకం పెట్టకూడదని పిల్లలకు చెప్పినదాన్ని, నీ మాట మీద సంతకం పెట్టాను. ఆ నమ్మకంతోనే, హాల్లో వెంకట్రాజం ఎదురుగా ఉన్నా, ఫ్లూయిడ్ మార్చావా అని అడగాలని తోచలేదు.

పోయిన ఆదివారం, సదానందానికి ఇచ్చేముందు డిక్కీ ఖాళీ చేస్తున్నాను. స్టెప్నీ కింద నా పాత తువ్వాలు చుట్టచుట్టి ఉంది. విప్పితే ఆ డబ్బా. నేను కొన్నదే. సీలు విప్పనిది.

ఆ తర్వాత సామాన్ల గదిలోకి పోయి, మూతకు బదులు గుడ్డపీలిక కుక్కి పెట్టిన పాత సగం డబ్బాను వెతికాను. ఖాళీగా ఉంది. ట్యాంకు నిండుగా ఎందుకు కనబడిందో అర్థమైంది. కొత్తది తర్వాతెప్పుడో మార్పిద్దామని దాచి ఉంటావు.

హారికా, నువ్వు పుట్టిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఒక్క పచ్చడి జాడీలోనైనా తడి గరిటె పెట్టడం చూశావా? చిన్నప్పుడు ఓసారి నువ్వు చెయ్యి కడుక్కుని తుడుచుకోకుండా ఆవకాయ తీయబోతే నీ మణికట్టు పట్టుకుని ఆపాను. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా అంతే, పైగా దానికి గరిటె అక్కర్లేదు, గాలిలోని తడినే తాగుతుంది. తాగినకొద్దీ మరిగే వేడి దిగిపోతుంది. రెండు వానాకాలాలు గుడ్డపీలిక కింద ఉన్నది నువ్వు పోశావు. వంద రూపాయల పచ్చడికి ఉన్న మడి మన ప్రాణాలకు లేకపోయింది.

మరి ఆ శనివారం కారు ఎక్కడికి పోయింది? అదీ దొరికింది. నీ ఫ్రెండ్ నిఖిల్ వీడియో పెట్టాడు. నాకూ ఇన్‌స్టా ఉంది, తెరిచి ఇచ్చింది నువ్వే, మర్చిపోయినట్టున్నావు. ములుగు దాటాక అడవి రోడ్డు. నా ఎర్ర కారు. ప్రతి మలుపు దగ్గరా బ్రేకు దీపాలు భగ్గుమంటున్నాయి. ఆపాక ముందు చక్రంలోంచి సన్నగా పొగ వస్తుంటే, వాసన జూడుండ్రి, బ్రేకులు ఫ్రై అయినయ్ అని నువ్వు నవ్వుతున్నావు. కింద స్పిరిటెడ్ డ్రైవింగ్ అని రాశాడు. నా కాలంలో స్పిరిట్ ల్యాబులో, మూత బిగించిన సీసాలో ఉండేది.

అలా నడపడం తప్పని నేను అనను. నీకు నేర్పిందే నేను. సెలవురోజుల్లో ఎనుమాముల మార్కెట్ యార్డు ఖాళీగా ఉంటే తీసుకుపోయేదాన్ని. మిర్చి ఘాటుకు కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే, ఏడుస్తున్నవా అని నేనడిగితే, కాదు బాపమ్మా, క్లచ్ వదుల్తాన అనేదానివి. ఆడపిల్లకు గిదంత ఎందుకమ్మా అని మీ నాన్న అన్నప్పుడు నీ తరఫున మాట్లాడింది నేనే. ఆ ఒప్పందం నాకు గుర్తుంది. కారు మీద ఒక్క కంప్లైంట్ వచ్చినా నువ్వు మళ్ళా స్టీరింగ్ ముట్టవు అని వాడు నీతో అన్నాడు. నువ్వు సరేనన్నావు. వచ్చే నెల ఆ డ్రైవింగు పోటీకి పేరు కూడా ఇచ్చుకున్నావు.

కాబట్టి ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి నువ్వు వేసిన లెక్క నాకు తెలుసు. ఎవరో ఒకరి స్టీరింగు పోవాలి. నీది నిలుపుకుని నాది ఇచ్చేశావు. డెబ్బై దాటినదానికి ఇంకెన్నాళ్ళులే అనుకుని ఉంటావు.

నువ్వు బ్రేకులు ఫ్రై చేసినందుకు నాకు కోపం లేదు. శనివారం అబద్ధమాడినందుకు కోపమే, కానీ కోపం ఎన్నాళ్ళుంటుంది. ఆ ఘాట్‌లో పెడల్ మెత్తబడగానే నేను ఏమీ అనకముందే నువ్వు ఏమని అరిచావో గుర్తుందా? పంప్ జెయ్ బాపమ్మా, పంప్ జెయ్ అన్నావు. బాపమ్మ ఆగమైందనుకున్న పిల్ల ఆ మాట అనదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయమంటుంది. నీకు ఆ క్షణంలోనే తెలుసు. పెడల్‌ను తొక్కి వదిలి, తొక్కి వదిలి పంప్ చేశాను. కాస్త అందింది. ఆ కాస్తతోనే రెండో గేరు, మొదటి గేరు, హ్యాండ్‌బ్రేకు. ముందు మలుపు తిరిగితే బొంగు చికెన్ పొయ్యిల దగ్గర జనం కూర్చుంటారు. పోయేటప్పుడు మనం తిన్నది అక్కడే. మలుపు లోపలే ఆపాలి. ఆపాను. నీ మీద గీత పడలేదు. మూడో రోజు నువ్వు ఆగమైందన్నావు.

డబ్బా నా బీరువాలో చీరల మధ్య ఉంది. భాస్కర్ ముందు పెడితే నిమిషంలో తేలిపోతుంది. పెట్టను. నేను పెడితే అది ముసలమ్మ సాకు అవుతుంది, లేకపోతే నీ మెడకు ఉరి అవుతుంది. రెండూ నాకు వద్దు. నాకు కావలసింది నువ్వే వచ్చి నీ నోటితో చెప్పడం. ఆదివారం పొద్దున సదానందం వచ్చేలోపల. శనివారం రాత్రి బస్సులు ఉన్నాయి. కారు మిగలాలని కాదు. మిగిలితే వద్దనను. రేపు నేను నిజంగా ఒక మాట మర్చిపోయినప్పుడు, ఇప్పుడు మర్చిపోయిందా, ఎప్పుడో ఆగమైందా అని ఈ ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు. ఆ తేడా నాకు కావాలి.

రాకపోతే డబ్బా అక్కడే ఉంటుంది. ఎవరికీ చెప్పను. కానీ ఆ తర్వాత నువ్వు వచ్చి నా పక్కన కూర్చున్నప్పుడు, మనం వాతావరణం గురించి మాత్రమే మాట్లాడుకుందాం.

మీ అమ్మ నీకు ఉసిరికాయ పచ్చడి పంపుతుందట. పొడి గరిటె వాడు.

ఇట్లు,
ఈ రోజు బుధవారమని తెలిసిన మీ బాపమ్మ,
సుగుణ.

తా.క. మీ నాన్న ప్రశ్నకు జవాబు ఎవరికీ చెప్పలేదన్నాను కదా. కవరు అంటించేముందు నీకు చెబుతున్నాను. అక్కడ రోడ్డును కొండ కోసి వేశారు, రెండు పక్కలా రాళ్ళ గట్టే. ఎడమది దగ్గర. బండిని దానికి రాసుకుంటూ పోతే త్వరగా ఆగేది, రోడ్డు దాటే పనీ ఉండేది కాదు. మీ నాన్న చెప్పింది అక్షరాలా నిజం. నేనూ స్టీరింగు మొదట ఎడమకే కొద్దిగా తిప్పాను. తిప్పుతూ అటు చూస్తే, గట్టుకూ నాకూ మధ్య నువ్వున్నావు, రెండు చేతులతో సీటుబెల్టు పట్టుకుని. మలుపు దాకా రోడ్డు ఖాళీగా ఉందో లేదో ఒకసారి చూసుకుని కుడికి తిప్పాను. కుడిపక్క ఉన్నది నేనొక్కదాన్నే. ఆగమవడమంటే అదే అయితే, అయ్యాను.